చెడగొట్టు వాన రాకముందే గడ్డి వామి, రోహిణి ఎండల్ల పెరట్ల కూరగాయలు: మేం చేసే పద్ధతి

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దిక్కు. రెండెకరాల పొలం, ఒక ఎకరం చెలక, ఒక బోరు, రెండు బర్లు, ఒక ఆవు, వాటి పిల్లలు, గింతే మా సంసారం. ఏప్రిల్ల యాసంగి వరి కోతలు మొదలైనయంటే మా ఇంట్ల అందరి పానం గడ్డి మీదనే ఉంటది. వడ్ల పైసలు వస్తయి, అప్పులకు పోతయి, కని గడ్డి మంచిగ ఎండవెట్టి వామి పెట్టుకుంటే జూన్ల వానలు ఆల్శమైనా, జులైల పొలం పనుల మీద పడి మేతకు పోయే తీరిక లేకున్నా పొద్దుగాల పాల చెంబు ఖాళీగ ఉండదు. 2015, 2016 ల కరువు సూసినోళ్లకు ఈ మాట ఇడమర్చి చెప్పే పని లేదు, అప్పుడు గడ్డి కొనలేక ఎన్ని ఇండ్లల్ల కొట్టాలు ఖాళీ అయినయో మా ఊర్లనే లెక్కపెట్టొచ్చు.

అందుకే మేం ఏండ్లసంది చేస్తున్న పద్ధతి, అండ్ల చేసిన తప్పులు గూడ కలిపి రాస్తున్న. చిన్న రైతులకు, ఇద్దరు ముగ్గురు మనుషులతోని నడిచే ఇండ్లకు పనికొస్తది. పెద్ద డైరీల లెక్క వేరు, అది నాకు తెల్వదు.

ముందు లెక్క కట్టండి

కోతకు ముందే ఒక కాయితం మీద రాసుకోండి. పెద్ద బర్రెకు రోజుకు ఎండుగడ్డి 5 నుంచి 7 కిలోలు, పచ్చిమేత 25 నుంచి 30 కిలోలు కావాలె. ఎండకాలంల పచ్చిమేత గంత ఎవల దగ్గర ఉంటది, అందుకే ఎండుగడ్డి మీదనే భారం పడ్తది. మా మూడు పశువులకు తలా 6 కిలోలు అనుకుంటే రోజుకు 18, మే నుంచి సెప్టెంబర్ దాక 150 రోజులకు 2,700 కిలోలు. అండ్ల తొక్కినది, ఇడిసిపెట్టినది, పైన తడిసి ఖరాబైనది ఎట్ల చూసినా పదోవంతు పోతది. అంటే 3,000 కిలోలు పెట్టుకుంటేనే నిమ్మలంగ నిద్ర పడ్తది.

బేలర్ మిషన్ కట్టే గుండ్రటి కట్ట ఎండినది 15 కిలోల దగ్గరదగ్గర తూగుతది అనుకుంటే 200 కట్టలు. మాకు ఎకరానికి 50, 60 కట్టలొస్తయి, రెండెకరాలకు 110 అనుకోండి. మిగిలింది జొన్న సొప్పతోని, పల్లి కట్టెతోని పూడ్చుకోవాలె, లేకుంటె పక్క రైతు దగ్గర చేన్ల ఉన్నప్పుడే మాట్లాడుకోవాలె. ఏప్రిల్ల చేన్ల అడిగితే ఒక రేటు, అదే గడ్డి జూన్ల ఇంటికొచ్చినంక అడిగితే ఇంకో రేటు, ఇది మిర్యాలగూడ ఆయకట్టుల అయినా మా బోరు ఎవుసంల అయినా ఒకటే తీరు.

కోత రోజు హార్వెస్టర్ డ్రైవర్‌తోని మాట్లాడుడే సగం పని

చాలమంది వడ్లు రాలకుండ చూస్కుంటరు గని గడ్డి గురించి డ్రైవర్‌కు ఒక్క మాట చెప్పరు. మిషన్ ఎత్తు మీద కోస్తే గడ్డి సగం కొయ్యకాలు రూపంల చేన్లనే ఉండిపోతది. పొలం తడి లేకుంటె కిందికి కోయమని ముందే చెప్పండి, రాళ్లు, గట్లు ఉన్న కాడ చూపెట్టండి. రెండోది, మిషన్ ఎన్కకెళ్లి గడ్డి సాలు లెక్క పడ్తది, ఆ సాళ్ల మీదికెళ్లి వడ్ల ట్రాక్టర్ తిప్పొద్దు. టైర్ కింద నలిగిన గడ్డి మట్టి పట్టుకుంటది, మట్టి పట్టిన గడ్డిని బర్రె మూతితోని నూకేస్తది. చైన్ మిషన్ (టైర్లకు బదులు చైన్ ఉన్న హార్వెస్టర్) అయితే తడి పొలంల గూడ దిగుతది కని గడ్డిని బురదల తొక్కుతది, అందుకే కోతకు 10, 12 రోజుల ముందే నీళ్లు బంద్ పెట్టి పొలం ఆరవెట్టుకుంటె వడ్లకు మంచిది, గడ్డికీ మంచిది.

కొయ్యకాలు కాలవెట్టుడు గురించి ఒక మాట, ఇది నాకు శాన బాధనిపిస్తది. ఒక టన్ను వరిగడ్డిల సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటయి. అగ్గి పెడితే నత్రజని పొగల కలిసి పోతది, పైమట్టిల ఉన్న వానపాములు, మేలుచేసే పురుగులు మాడిపోతయి, గట్టు మీదున్న యాపచెట్టు, పక్కోళ్ల బత్తాయి తోట డ్రిప్ పైపులు గూడ కాలిపోయిన సంగతులు ప్రతి ఏడు వింటనే ఉన్నం. అవసరమైన గడ్డి ఎత్తుకున్నంక మిగిలింది నీళ్లు పెట్టి రోటవేటర్ కొట్టించండి, ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి దున్నితె జల్ది మురుగుతది.

ఎండిందా లేదా ఎట్ల తెలుస్తది

ఇగ అసలు సంగతి. యాసంగి గడ్డి కోసినప్పుడు పైకి ఎండినట్టే కనిపిస్తది కని కాడల నీళ్లుంటయి. 40 డిగ్రీల ఎండల రెండు మూడు రోజులు చేన్లనే ఇడవాలె, మధ్యల ఒక్కసారి కింద మీద తిరగెయ్యాలె. తిరగెయ్యకపోతె పైన పెళపెళ అంటది, కింద మట్టికి ఆనిన దిక్కు తడి అట్లనే ఉంటది. మా నాయిన పొడుగు కట్టెకు పంగ పెట్టుకొని తిరగేస్తడు, కూలోళ్లను పెట్టే పని లేదు, ఇద్దరుంటె ఎకరం రెండు గంటల్ల అయితది.

వామి పెట్టే గడ్డిల తడి నూటికి 15 పాళ్లు దాటొద్దు. దానికి మీటర్ అక్కర్లేదు. పిడికెడు గడ్డి పట్టుకొని తాడు పేనినట్టు రెండు మూడు సార్లు మెలితిప్పండి. కాడలు పెటపెట ఇరిగితే ఎండినట్టు, మెత్తగ మెలిక పడి చేతికి సల్లగ తగిలితే ఇంకొక రోజు ఆగాలె. కణుపు కాడ గోరుతోని నొక్కి చూడండి, తడి ఆఖరికి ఉండేది కణుపులనే. ఇంకా అనుమానముంటె ఎండిన గాజు సీసాల గడ్డి చిన్నచిన్నగ కత్తిరించి సగం దాక ఏసి, ఒక చెంచ పొడి ఉప్పు ఏసి మూత పెట్టి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు పొడిపొడిగ రాలితే మంచిదే, గడ్డలు కట్టి సీసాకు అంటుకుంటె గడ్డిల తడి ఉన్నట్టు. ఈ ఉప్పు పద్ధతి నేను ఈ మధ్యనే నేర్చుకున్న, మా అమ్మ నమ్మలే, ఇప్పుడు ఆమెనే సీస పట్టుకొని చేనుకొస్తది.

బేలర్ పిలిపిస్తె పొద్దుగాల మంచు ఆరినంక, 10 దాటినంకనే మొదలు పెట్టమనండి. మొదటి నాలుగు కట్టలు పడంగనే ఒకటి ఎత్తి తూకం చూడండి. అదే సైజు కట్ట మామూలుకంటె నాలుగైదు కిలోలు ఎక్కువ తూగితే అది గడ్డి బరువు కాదు, నీళ్ల బరువు. ఆడికే మిషన్ ఆపి మధ్యాహ్నం కట్టించుకోండి, డ్రైవర్ తొందర పెడ్తడు, ఆయనకు ఇంకో చేను ఉంటది, అయినా ఆపండి. మిషన్ల కట్టిన కట్ట లోపట గాలి ఆడదు, తడి ఉంటె ఇగ ఆరేది లేదు.

నాకెట్ల తెలుసంటె

ఐదారేండ్ల కింద మేం గిదే తప్పు చేసినం. ఏప్రిల్ ఆఖరుల పడమటి దిక్కు మొగులు పట్టింది, గాలిదుమారం లేసింది, చెడగొట్టు వాన వస్తదని భయపడి అరకొర ఎండిన గడ్డి మూడు ట్రాలీలు తెచ్చి రాత్రి తొమ్మిదింటి దాక అందరం కలిసి వామి పెట్టి పైన కవర్ కప్పినం. వాన పది చినుకులు రాలి పోయింది. వారం దినాలకు వామి మీదికెళ్లి పొద్దుగాల ఆవిరి లేసుడు మొదలైంది, దగ్గరికి పోతే పులిసిన వాసన. లోపట చెయ్యి పెడితే కాల్తుంది. ఇప్పి చూస్తె నడుమ అంత నల్లగ, పొడిపొడిగ, తెల్ల బూజు. సగానికి ఎక్కువ పెంటకుప్పల ఏసినం. ఆ ఏడు జులైల మా అమ్మ చెవుల కమ్మలు కుదవపెట్టి గడ్డి కొనుక్కొచ్చినం, ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ యాదికొస్తది.

అందుకే చెప్తున్న, మొగులు పట్టినప్పుడు తడి గడ్డిని వామి పెట్టొద్దు. చేన్లనే చిన్నచిన్న కుప్పలు, మనిషి నడుం ఎత్తు, పైన కొసగ ఏసి ఇడవండి. పైపొర తడిసినా తెల్లారి ఎండకు ఆరుతది. వరిగడ్డి ఒక వాన తింటె రంగు పోతది, కొంచెం బలం పోతది, కని పశువు తింటది. తడిగ మూసిపెడితే మాత్రం మొత్తానికే పోతది, ఒక్కోసారి లోపటి వేడికి దానంతటదే అంటుకుంటది గూడ.

వామి పెట్టినంక రెండు మూడు వారాలు దాని మీద కన్నుండాలె. ఒక ఇనుప సలాక, గడ్డపార అయినా సరే, నడుమ దాక గుచ్చి 20 నిమిషాలు ఉంచి తీయండి. చేతితోని పట్టుకునేటట్టు గోరువెచ్చగ ఉంటె పర్వాలేదు. పట్టుకోలేనంత కాలితే వామి ఇప్పాలె, కని ఒక్కసారి గాలి తగిలితే భగ్గుమంటది కాబట్టి బోరు పైపు, నీళ్ల డ్రమ్ములు పక్కన పెట్టుకొని, ఇంకో ఇద్దరు మనుషులను పిలుచుకొని పైకెళ్లి కొంచెం కొంచెం తీయండి. పైకెక్కి నిలవడొద్దు, లోపట కాలి బోలుగ ఉంటె మనిషి దిగబడ్తడు.

బూజు పట్టిన గడ్డి ఎంత తక్కువున్నా పశువుకు ఏయొద్దు. బర్లకు దానితోని తోక కొస, చెవుల కొసలు, గిట్టల కాడ నల్లబడి కుళ్లుతయి, దాన్ని డెగ్నాల రోగం అంటరు, చూలు బర్రె ఈసుకపోయే ప్రమాదం గూడ ఉంటది. నల్లగడ్డికి పెరట్ల పని ఉంది, అది ఎన్క చెప్త.

వామి పెట్టే తీరు

జాగ ముందు చూస్కోండి. నీళ్లు నిలవని మెరక, ఇంటికి, పొయ్యికి, కరెంట్ తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరం. తీగలు గాలికి ఒకదానికొకటి తగిలి మెరుపులు రాలితే ఒక్క రవ్వ చాలు. ఉన్నదంతా ఒక్కటే వామి పెట్టకుండ రెండు పెడితే ఏదైనా అయినా రెండోదన్న మిగులుతది.

కింద రాళ్లు పేర్చి వాటి మీద మొద్దులు, తుమ్మ కంప అడ్డం ఏస్తం. మా దిక్కు ఎర్ర చెలకల చెదలు ఎక్కువ, గడ్డి నేలకు ఆనితే నెల దినాలల్ల మట్టి పుట్టలే మిగుల్తయి. కంప కిందికెళ్లి గాలి గూడ ఆడ్తది. చుట్టూ జానెడు లోతు కాల్వ తవ్వుకోవాలె.

విడిగడ్డి అయితే ఒకరు మీద నిలవడి తొక్కాలె, ఒకరు కిందికెళ్లి అందియ్యాలె. కిటుకు ఒక్కటే, నడుమ ఎప్పుడు ఎత్తుగ ఉండాలె. అంచులు ఎత్తుగ, నడుమ పల్లంగ వచ్చిందంటె వాన నీళ్లు తిన్నగ కడుపులకు దిగుతయి. ప్రతి పొరల మొదలు నడుమ ఏసి తొక్కి, అటెన్క అంచులకు రావాలె, అంచుకు ఏసే గడ్డి కొసలు బయటికి, కిందికి వాలినట్టుండాలె, గుడిసె కప్పు మీద గడ్డి ఎట్ల వాల్తదో అట్ల. నిలువు మనిషి ఎత్తు దాటినంక లోపటికి గుంజుకుంట రావాలె, పైన ఎద్దు మూపురం లెక్క కొప్పు తీయాలె. అయినంక చుట్టూ తిరిగి చేతులతోని పైకెళ్లి కిందికి దువ్వండి, వదులుగ ఏలాడేవన్ని రాలిపోతయి, మిగిలింది నీళ్లను జారగొడ్తది. ఈ పని మా తాత చేస్తుంటె చూసేటోళ్లం, ఆయన పెట్టిన వామి కవర్ లేకుండనే రెండు వానకాలాలు నిలిచింది, లోపట గడ్డి బంగారు రంగుల ఉండేది.

కట్టలైతే సులువే. మొద్దుల మీద వరుసగ పేర్చి, పై వరుస కింది వరుస సందుల మీద కూసునేటట్టు ఏసి, పోనుపోను సన్నం చేసుకుంట పైన ఒక్క వరుసకు తేవాలె. పరద కప్పితే పైన మాత్రమే కప్పండి, పక్కలు నేల దాక మూయొద్దు, లోపట చెమట పడ్తది. వామి పెట్టిన వారం దాక అసలు కప్పకుంటెనే మంచిది, మొగులు వస్తె కప్పి, ఎండ రాంగనే తీయాలె. తాళ్లకు రాళ్లు కట్టి రెండు దిక్కులా ఏలాడదీయండి, మే నెల గాలిదుమారానికి కవర్ ఊరవతల దొరుకుతది లేకుంటె.

సొప్ప, పల్లి కట్టె, పచ్చిమేత

వరిగడ్డి కడుపు నింపుతది, బలం తక్కువ, మాంసకృత్తులు మూడు నాలుగు పాళ్లకు మించవు. జొన్న సొప్ప దానికంటె మేలు. ఫిబ్రవరిల చెలకల బోరు నీళ్లతోని మేత జొన్న అలికితే, దాంతోని అలసంద కలిపి, ఏప్రిల్ల పూతకొస్తది. సగం పూతల కోయాలె, ముదిరితే కట్టె అయితది. పొద్దు ఎక్కినంక కోసి పలుచగ పరిచి మూడు నాలుగు రోజులు ఎండవెట్టి కట్టలు నిలువుగ ఒకదానికొకటి ఆనిచ్చి నిలవెట్టండి, లోపట గాలి ఆడి ఆరుతది. అలసంద, పల్లి కట్టె ఎండవెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త: వాటి బలమంత ఆకులనే ఉంటది, మిట్టమధ్యాహ్నం తిరగేస్తె ఆకంత రాలి పుల్లలు మిగుల్తయి. పొద్దుగాల కొంచెం మంచు తేమ ఉన్నప్పుడు తిరగెయ్యాలె, సగం ఎండినంక నీడకు మార్చాలె. ఆకు పచ్చరంగు పోకుండ ఎండితే అది అసలైన మేత. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దిక్కు యాసంగి పల్లి బాగ ఏస్తరు, మార్చిల కాయ తెంపినంక కట్టెను కల్లంలనే మురగపెట్టి ఇడిసిపెట్టినోళ్లను చూసిన, పాలిచ్చే బర్రెకు అంత మంచి ఎండుమేత ఇంకోటి మనకాడ లేదు.

జొన్నతోని ప్రాణాపాయం గూడ ఉంది, చదివినోళ్లు ఇంట్ల పిల్లలకు గూడ చెప్పండి. నీళ్లు లేక వాడిపోయిన లేత జొన్న, కోసిన మోడుకు వచ్చిన పిల్లకలు, నెలన్నర లోపు పైరు, వీటిల నాము ఉంటది. అది సైనైడ్ అసొంటి విషం. తిన్న పశువు గంటల లోపే ఎగపోస్తది, వణుకుతది, నోట్ల నురుగు, పడిపోతది. చెలకల మోళ్ల మీద ఒక వాన పడి పచ్చగ పిల్లకలు లేస్తయి చూడండి, జూన్ల గొర్లు, ఆవులు ఎక్కువ చచ్చేది ఆడనే. అటు దిక్కు పోనియ్యొద్దు. తింటె ఆగకుండ పశువుల డాక్టర్‌కు, లేకుంటె పశువుల అంబులెన్స్ 1962 నంబర్‌కు ఫోన్ చేయండి, సోడియం థయోసల్ఫేట్ సూది టైంకు పడితే బతుకుతది. పూతకొచ్చి కోసి, మంచిగ ఎండిన సొప్పతోని ఆ భయం ఉండదు.

పచ్చిమేతకు ఒక 10 గుంటలల్ల సూపర్ నేపియర్ గని కో-4 గని గడ్డి పెట్టుకోండి. రెండు కణుపుల ముక్కలు రెండడుగులకొకటి, ఒక కణుపు మట్టిలకు ఉండేటట్టు వాలుగ గుచ్చాలె. మొదటి కోత 70, 75 రోజులకు, అటెన్క 45 రోజులకొకసారి. నీళ్లు అందితే మూడు నాలుగేండ్లు ఇస్తది. పెంటనీళ్లు, పశువులు కడిగిన నీళ్లు దానికే మలపండి. గట్ల మీద అవిస, సుబాబుల్, మునగ పెట్టుకుంటె మండలు కొట్టి ఏయొచ్చు. రోజుకు 5 కిలోల పచ్చిదన్న పడాలె, ఉత్త ఎండుగడ్డి మీద ఉంటె విటమిన్ ఎ అందక చూలు నిలవది, దుడ్డెలకు కండ్లు సరిగ కనపడవు.

ఎండుగడ్డి తినే పశువుకు నీళ్లు ఎక్కువ కావాలె, పాలిచ్చే బర్రె ఎండకాలంల 80, 100 లీటర్లు తాగుతది. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ మనుషుల బొక్కలనే కాదు పశువుల పండ్లను, కీళ్లను గూడ తింటది, వీలైతే చెరువు నీళ్లు, వాన నీళ్లు తాపండి.

యూరియా గడ్డి, తూకం తప్పకుండ చేస్తెనే

వరిగడ్డి బలం పెంచే పద్ధతి ఇది, పశువైద్యులు ఎప్పటిసంది చెప్తున్నదే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లు. యూరియా గింజ లేకుండ పూర్తిగ కరగాలె. కింద కవర్ పరిచి 10, 15 కిలోల గడ్డి పొర ఏసి, పూలు చల్లే డబ్బాతోని సమానంగ చల్లి, తొక్కి, ఇంకో పొర. అయినంక గాలి పోకుండ కవర్ కప్పి అంచుల మీద మట్టి ఏసి 21 రోజులు ముట్టొద్దు. తెరిస్తె ఘాటు వాసన కండ్లకు కొడ్తది, అది మంచి గుర్తు. తీసిన గడ్డి గంట సేపు ఆరవెట్టినంకనే ఏయాలె. మొదట రెండు పిడికిళ్లు మామూలు గడ్డిల కలిపి, వారం దినాలల్ల అలవాటు చేయాలె. మాంసకృత్తులు రెండింతలు అయితయి, దాణా ఖర్చు తగ్గుతది.

కని ఆరు నెలల లోపు దుడ్డెలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్ కొట్టం కాడ ఇడిసిపెట్టొద్దు, బర్రె తాగితే చస్తది. అందాజ మీద పోసే అలవాటున్నోళ్లు ఈ పని చేయకపోవుడే మంచిది, నిజంగ చెప్తున్న.

పెరడు: 4 గుంటలు చాలు

ఇగ ఇంటికి కూరగాయలు. ఐదుగురున్న ఇంటికి బాయికాడనో ఇంటెన్కనో 4 గుంటల జాగ ఉంటె ఎండకాలమంత కూరకు బజారుకు పోయే పని ఉండదు. కని రోహిణి కార్తెల ఇత్తనం పెడితే ఏదీ నిలవది. జనవరి ఆఖరు, ఫిబ్రవరిల పెట్టాలె, ఎండలు ముదిరే వరకు చెట్టు ఏర్లు దింపుకుంటది.

ఎండకు తట్టుకునేది మొదట గోకరకాయ, నీళ్లు తక్కువైనా కాస్తది, 45 రోజులకు తెంపుడే. బెండకాయ గూడ అంతే, కని తెల్లదోమ వచ్చి ఆకుల ఈనెలు పచ్చబడ్డయంటె ఆ చెట్టును పీకి దూరంగ పూడ్చాలె, మందు కొట్టినా అది బాగు కాదు, పక్క చెట్లకు అంటుకుంటది. పసుపు రంగు అట్టలకు ఆముదం పూసి కట్టండి, యాపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు సబ్బు నీళ్లతోని కలిపి మాపటీలి కొట్టండి. ఆనిగెపుకాయ, బీరకాయ, కాకరకాయ పందిరికి ఎక్కియ్యాలె, ఆ పందిరి నీడల పాలకూర, కొత్తిమీర పెడితే మే నెలల గూడ ఆకు దొరుకుతది. పుంటికూర, తోటకూర, బచ్చలి ఎండకు భయపడయి. టమాట మాత్రం 38 డిగ్రీలు దాటితే పూత రాలుతది, అదేం రోగం కాదు, మందులకు పైసలు పెట్టకుండ మార్చి వరకే కాయలు తీసుకునేటట్టు ముందు నాటుకోండి. ఆనిగెపు తీగకు పిందె నిలవకపోతె మాపటీలి పూలు ఇచ్చుకున్నప్పుడు మగపువ్వు తెంపి ఆడపువ్వు మీద మెల్లగ రుద్దండి. పిందె ఉన్న పువ్వే ఆడపువ్వు.

ఈడికొస్తది మన నల్లగడ్డి పని. వామి అడుగున మిగిలినది, బూజు పట్టినది, పశువులు తొక్కినది అంత తెచ్చి చెట్ల నడుమ నాలుగు వేళ్ల మందం పరవండి, కాండానికి ఒక జానెడు ఎడం ఇడవండి. నేల సల్లగ ఉంటది, రోజు పెట్టే నీళ్లు రెండు రోజులకు పెడితే చాలు, కలుపు మొలవది. మట్టిల కలిపి దున్నొద్దు, మురిగేటప్పుడు చెట్టుకు పోవాల్సిన నత్రజని అదే తినేస్తది. చెదలు కనిపిస్తె యాప పిండి చల్లండి. వానలు పడే వరకు ఆ గడ్డి సగం మురిగి మట్టిల కలుస్తది, మా పెరట్ల ఎర్రమట్టి నాలుగేండ్లల్ల రంగు మారింది, పార పెడితే కేకు లెక్క దిగుతది.

నీళ్లు పొద్దుమీకినంకనో తెల్లారకముందో పెట్టాలె. పైపుల నిలిచిన నీళ్లు మధ్యాహ్నం సలసల కాగుతుంటయి, అవి మొదట్ల పోస్తె ఏర్లు ఉడుకుతయి. గిన్నెలు కడిగిన నీళ్లు కల్యమాకు, అరటి, బొప్పాయికి మలపండి. మే మధ్యల మిర్చి, వంకాయ, టమాట నారు పాత చీరె నీడ కింద పోసుకుంటె మృగశిర వానకు నాటొచ్చు.

తినంగ మిగిలినది ఒరుగులు పెట్టుకోండి. గోకరకాయ ఉప్పు నీళ్లల్ల ఒక్క పొంగు రానిచ్చి, కాకరకాయ చక్రాలు ఉప్పు పసుపు పట్టిచ్చి, టమాటలు సగానికి కోసి ఉప్పు చల్లి, పల్చటి బట్ట కప్పి మూడు రోజులు ఎండవెట్టాలె. గడ్డికి చూసినట్టే చూడాలె, ఇరిస్తె కటుక్కుమనాలె, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. వేడి ఆరినంకనే సీసాలల్ల పోయాలె, వేడిమీద మూత పెడితే లోపట చెమటపట్టి బూజు పడ్తది. వానకాలం నాట్ల రోజులల్ల కూర తెచ్చే తీరిక లేనప్పుడు ఆ ఒరుగుల పులుసే దిక్కు.

వామి తీసేటప్పుడు

జూన్ల వామి తీసుడు మొదలు పెట్టినప్పుడు ఒక్క దిక్కు నుంచే, పైకెళ్లి కిందికి కోసినట్టు తీసుకోండి. చేతికందినకాడ చుట్టూ గుంజితె వామి గొడుగు లెక్క అయి ఒక దిక్కు ఒరుగుతది, వాన లోపటికి పోతది. తీసిన దిక్కు అప్పటికప్పుడు కవర్ దింపాలె. కట్ట ఇప్పంగనే దులిపి వాసన చూడండి, కమ్మగ ఉంటె ఏయండి, దుమ్ము లేసి ముక్కుకు కొడితే పక్కన పెట్టండి. సొప్పను చాఫ్ కట్టర్‌ల ఏసి ముక్కలు చేస్తె మూడోవంతు మిగులుతది, మిషన్ లేకుంటె గొడ్డలితోని మొద్దు మీద కొట్టినా సరే, పొడుగు సొప్ప ఏస్తె ఆకు తిని కాడ తొక్కేస్తయి. మా ఆవు తూర్పు జాతిది, అమ్రాబాద్ దిక్కు నల్లమల నుంచి తెచ్చినది, పొడలు పొడలు ఉంటది, అది కాడలు గూడ నములుతది కని బర్లు అట్ల కాదు.

ఎలుకల కోసం వామిలకు పాములు వస్తయి, వానకాలం మొదట్ల మరీ ఎక్కువ. పొద్దుమీకినంక గడ్డికి పోకుండ మధ్యాహ్నమే రేపటి మేత తీసి కొట్టంల పెట్టుకోండి. తప్పక పోవాల్సి వస్తె టార్చ్ పట్టుకొని, ముందు కట్టెతోని నాలుగు దిక్కుల తట్టి, అప్పుడు చెయ్యి పెట్టండి.